సాంబ్రాణి వాసన

(దేవస్థాన కల్యాణ మండపమున జరిగిన భక్తుల సమావేశంలో ఒక యువతి చేసిన ప్రసంగ పాఠం. ఆమె కోరిక మేరకు పేరు ప్రచురించుట లేదు.)



మాది భీమవరం సమీపంలోని ఒక గ్రామం. నా వయస్సు 26 సంవత్సరములు. మూడేళ్ళ క్రితం, బి.ఇడి. చదువుతున్న రోజులలో, నాకొక అనుభవం కలుగసాగినది. దానిని గురించి ఈ మండపంలో పలుకుటకు కొంత సంకోచం ఉన్నది. అయినను నేను చెప్పవలసినది అదే.

ఉన్నట్టుండి కడుపులో నుండి ఏదో లేచి కంఠం వరకు వచ్చినట్లుండేది. వెనువెంటనే సాంబ్రాణి మాడిన వాసన. ఎదుటనున్న మనుషులు, గోడ, వెలుతురు, అన్నిటినీ మునుపెన్నడో ఇట్లే చూచియున్నానన్న నిశ్చయం. నిమిషమైనను నిలిచేది కాదు. మా నాయనమ్మతో చెప్పగా ఆమె కళ్ళు తుడుచుకొని, “ఇది పూర్వజన్మ వాసన తల్లీ, స్వామి నిన్ను గుర్తుపట్టినాడు” అన్నది. ఆ మాట వీధిలో ప్రాకినది. కొందరు స్త్రీలు శుక్రవారం నాడు వచ్చి నా చేత బొట్టు పెట్టించుకొని వెళ్ళేవారు. నిజం చెప్పవలెనంటే నాకది ఇష్టముగానే ఉండేది. తరగతిలో వెనుక బెంచీలో కూర్చునే పిల్లకు అంతటి మన్నన మరెక్కడ దొరుకుతుంది!

అట్లు ఎనిమిది నెలలు గడచినవి.

ఒకనాటి సాయంకాలం వంటింటిలో పడిపోయినాను. కాళ్ళు చేతులు కొట్టుకొన్నవట. ఎవరో పరుగున వచ్చి నా గుప్పిట తాళంచెవుల గుత్తి పెట్టినారట. పెద్దలు మన్నింపవలెను, తాళంచెవుల వలన మూర్ఛ ఆగదు. మనిషిని ఒక ప్రక్కకు తిప్పి పడుకోబెట్టవలెను, నోటిలో ఏమియు పెట్టరాదు, గడియారం చూడవలెను. అయిదు నిమిషములు దాటినచో ఆలస్యం చేయక ఆసుపత్రికి తీసుకొనిపోవలెను.

విజయవాడలో ఎం.ఆర్.ఐ. తీసినారు. కుడి కణత లోపల, మెదడులో కణితి ఉన్నది. వాసనను, జ్ఞాపకమును, భయమును నడిపించే భాగములు అక్కడ ఇరుగుపొరుగుగా ఉంటాయని వైద్యులు చెప్పినారు. కణితి ఒత్తిడికి ఆ చోట విద్యుత్తు గాడి తప్పినప్పుడు, మూలం లేని వాసన వస్తుంది, జరగనిది జరిగినట్లు తోస్తుంది. “అవన్నీ చిన్న మూర్ఛలేనమ్మా. మొదట్లోనే వచ్చి ఉండవలసింది” అన్నారు.

కణితి అన్న మాట కన్న ఈ మాటయే నన్ను ఎక్కువ గాయపరచినది. స్వామి వచ్చినాడని నేను తలుపు తీసిన చోట కణితి నిలుచుని ఉన్నది. ఆ రాత్రి నాయనమ్మ కట్టిన రక్షరేకును విప్పి దిండు క్రింద పెట్టినాను. పారవేయలేదు, తిరిగి కట్టుకొననూ లేదు.

శస్త్రచికిత్సకు అయిదు గంటలు పట్టినది. చెవి ముందు నుండి పైకి లేచి, వెనుకకు తిరిగి, నుదుటి వైపు వంగిన కోత. మా తమ్ముడు చూచి, “అక్కా, నీ తల మీద ప్రశ్నార్థకం గీశారే” అన్నాడు. అందరమూ నవ్వినాము, అమ్మ తప్ప. బిడ్డ దక్కితే నా తలనీలాలు సమర్పింతునని ఆమె మ్రొక్కుకొన్నది. కోతకై ముందే తీసివేసిన జుట్టు ఏమైనదని వార్డు ఆయాను అడుగుచు తిరిగినదట.

కణితి ముక్కను పరీక్షకు పంపినారు. “మామూలు గడ్డేనమ్మా” అన్నారు నాన్నగారు. ఆయన సంచిలోని కాగితం నేనే తీసి చదివినాను. ఆస్ట్రోసైటోమా, గ్రేడ్ 3. అనగా క్యాన్సరు. నక్షత్రాకారంలో ఉండే కణముల పేరిట వచ్చిన పేరట అది. నా జాతకంలో ఏ జ్యోతిష్కుడూ చూడని నక్షత్రం! ఇది సాధారణంగా శరీరంలో ఇతర చోట్లకు పోదు గాని, మెదడులోనే వేళ్ళు తన్నుతుంది. అందుచేత పూర్తిగా పెరికివేయుట సాధ్యం కాదు. “నాన్నా, నాకు చదువు వచ్చును గదా” అన్నాను. ఆయన కుర్చీలో కూర్చుండిపోయి చాలాసేపు ఏమియు మాట్లాడలేదు. ఆ దినం మొదలు మా ఇంట గుసగుసలు ఆగిపోయినవి.

తరువాత రేడియేషన్. వారానికి అయిదు రోజుల చొప్పున 33 దినములు. ముఖానికి అచ్చుపోసిన తొడుగు బిగించి, తల కదలకుండ బల్లకు కట్టివేసేవారు. అటుపిమ్మట ఒక ఏడాదిపాటు, ప్రతి 28 దినములలో అయిదు దినములు మాత్రలు. దాతలకు ఒక మాట విన్నవించుకొందును. వైద్యం ఖర్చు ఆరోగ్యశ్రీ భరించినది. మమ్ము క్రుంగదీసినది ఆ ఆరు వారములకు పైగా పట్టణంలో ఉండుట. గది అద్దె, ఆటో, రెండు పూటల భోజనం. మధ్యాహ్నం అమ్మా నేనూ ఒక గుడి అన్నదాన సత్రంలో తినేవారము. నాకు వాంతి వచ్చునేమోనని తలుపు ప్రక్కన చోటు చూపిన వడ్డించే ఆయన పేరు నేటికీ తెలియదు.

ఇప్పుడు ఆరు నెలలకొకసారి ఎం.ఆర్.ఐ. తీస్తున్నారు. మూర్ఛకు మందు వాడుచున్నాను గనుక ఆ వాసన మరల రాలేదు. ఒక్కొక్కప్పుడు అది లేని లోటు తోచును. ఈ సంగతి డాక్టరు గారికి కూడ చెప్పలేదు.

నేటి ఉదయం అమ్మ మ్రొక్కు చెల్లించినాము. రేడియేషన్ తగిలిన మేర నాకు జుట్టు సరిగా మొలవలేదు. కల్యాణకట్టలోని అక్క మచ్చను చూచి, కత్తి ఆపి, “ఇక్కడ నొప్పి ఉన్నదా తల్లీ?” అని అడిగి, వ్రేలితో తడిమి, దాని అంచు వెంబడే నెమ్మదిగా గీసినది. అమ్మ ఆ కొద్దిపాటి వెంట్రుకలను రెండు చేతులతో తానే హుండీలో వేసినది.

తరువాత గర్భాలయం ఎదుట నిలిచినాము. హారతి ఇచ్చుచున్నారు. ధూపం వాసన వచ్చినది. నా గుండె ఝల్లుమన్నది. అమ్మ చేయి పట్టుకొని, “నీకూ వస్తున్నదా?” అని అడిగినాను.

“వస్తున్నదే” అన్నది అమ్మ.