ఇంటి లెక్క ఇంటిల్లిపాదికీ తెలియాలి

(కుటుంబ కూటములో చేసిన ప్రసంగ పాఠము)



కుటుంబములో డబ్బును జాగ్రత్తగా వాడుకోవడం గురించి నాలుగు మాటలు చెప్పమని దంపతులమైన మమ్మల్ని కోరారు. మేము ఇందులో నేర్పరులమని కాదు, దెబ్బ తిన్నవాళ్లం గనుక ఒప్పుకున్నాము.

మా పెద్దమ్మాయి పెండ్లి 2012లో జరిగింది. నలుగురిలో తక్కువ కాకూడదని మాలో ఒకరు నూటికి నెలకు రెండు రూపాయల వడ్డీకి లక్ష రూపాయలు అప్పు తెచ్చి, రెండవవారికి చెప్పలేదు. ఆ రెండవవారు అప్పటికే చీటీ ఎత్తగా వచ్చిన 60,000 రూపాయలు బ్యాంకు పొదుపు ఖాతాలో వేసి, చెబితే ఖర్చయిపోతుందని దాచారు. ఇద్దరి ఉద్దేశమూ మంచిదే.

నెలకు 2,000 చొప్పున నాలుగేళ్లలో వడ్డీయే 96,000 కట్టాము. అసలు అలాగే ఉంది. దాచిన 60,000కు బ్యాంకులో ఏటా నాలుగు శాతం చొప్పున వచ్చింది 2,400. అదే సొమ్ము అప్పుకు కట్టి ఉంటే ఏటా 14,400 వడ్డీ తప్పేది. ఒకే ఇంటిలో ఉండి ఒక మాట చెప్పుకోనందుకు ఏటా 12,000 పోగొట్టుకున్నాము.

2016లో అప్పిచ్చినవారు ఇంటికి వచ్చి అడిగితే సంగతి బయటపడింది. ఆ రాత్రి మాటా మాటా పెరిగింది. డబ్బు పోయినందుకంటే నమ్మకం పోయినందుకే ఎక్కువ బాధపడ్డాము. మరునాడు ఆ 60,000 తెచ్చి కట్టాము. మిగిలినది తీర్చడానికి మరి రెండేళ్లు పట్టింది.

అప్పటినుండి ప్రతి నెల మొదటి శనివారం రాత్రి, భోజనాలయ్యాక, నోటుబుక్కు ముందు వేసుకుని కూర్చుంటున్నాము. బియ్యం, ఫీజులు, మందులు, కానుక, బాకీలు వరుసగా వ్రాస్తాము. మిగిలినదానిలోనే పండుగ బట్టలు. పిల్లలనూ కూర్చోబెట్టుకున్నాము. మునుపు చెప్పులు అడిగితే "డబ్బుల్లేవు పో" అని కసిరేవాళ్లం. "ఈ నెల ఫీజు కట్టాము, చెప్పులు వచ్చే నెల" అని చెప్పిన రోజున మా చిన్నవాడు తానే ఆ మాట పుస్తకంలో వ్రాసుకున్నాడు, మళ్లీ అడగలేదు.

ఇప్పుడు ఫోను నొక్కితే డబ్బు వెళ్లిపోతోంది. నోటు తీసి ఇచ్చేటప్పుడు చెయ్యి కాస్త వెనుకాడేది. ఇప్పుడు అదీ లేదు. అందుచేత ఏ రోజు ఖర్చు ఆ రాత్రే వ్రాసుకోవడం మంచిది.

పోపుల డబ్బాలో నాలుగు రూపాయలు దాచుకోవడం తప్పు కాదు. ఆ డబ్బా ఉన్నదని ఇంటిలో మరొకరికి తెలియాలి. అప్పు దాచుకున్నవారు ఎవరైనా ఇక్కడ ఉంటే, ఈ రాత్రే ఇంటివారితో చెప్పండి. మాకు ఆ మాట బయటికి రావడానికి నాలుగేళ్లు పట్టింది. మీకు అంత కాలం పట్టకూడదని మా కోరిక.