మన పాటకు మన గుర్తులు

మాకు జరిగిన ఒక పరాభవంతో మొదలుపెడతాం.

నాగాయలంక వైపు మన యానాది కాలనీలో ఒక మామ్మ దగ్గర ఫోనులో పాట రికార్డు చేసుకున్నాం. కాలవలో వల లాగేటప్పుడు పాడే పాట. ఇంటికొచ్చి కంప్యూటర్‌లో లిలీపాండ్‌తో స్వరలిపి రాశాం. అచ్చు పుస్తకంలా ముచ్చటగా వచ్చింది. అది చూసి మనవాడొకడు కీబోర్డు వాయిస్తే మామ్మ శ్రద్ధగా వింది. "బాగానే ఉందిరా అబ్బాయ్, ఎవరిదీ పాట?" అంది.

మాకు నోట మాట రాలేదు. తర్వాత రికార్డింగు పక్కన పెట్టుకుని చూస్తే స్వరాలు దాదాపు సరిగానే ఉన్నాయి. గుర్తులే తప్పు. ఆమె సగం మాటగా, సగం అరుపుగా అన్నచోట మేం నిండు నల్ల గుండు పెట్టాం. ఆ గుండుకు "కచ్చితంగా ఈ స్వరమే" అని అర్థం. గొంతు జారినచోట రెండు విడి స్వరాలు రాశాం. వల బరువుకు పాట ఆగినచోట అడ్డగీతలు గీసి తాళంలో బిగించేశాం.

లిలీపాండ్ ఉచిత సాఫ్ట్‌వేర్. 1996లో నెదర్లాండ్స్‌కు చెందిన హాన్-వెన్ నీన్‌హౌస్, యాన్ న్యూవెన్‌హౌజెన్ మొదలుపెట్టారు. ఇందులో మౌసుతో బొమ్మలు లాగే పని లేదు. అక్షరాలు టైపు చేస్తే అదే స్వరలిపి గీస్తుంది. మనం ఏమీ చెప్పకపోతే పడమటి సంగీతానికి అలవాటైన గుర్తులే వేస్తుంది. చెబితే మారుస్తుంది, మేం చెప్పలేదంతే.

చెప్పే మాట "ఓవర్‌రైడ్". ముందు బ్యాక్‌స్లాష్ పెట్టి ఆ మాట, పక్కన "నోట్‌హెడ్ డాట్ స్టైల్", దాని విలువగా "క్రాస్" ఇస్తే అక్కడినుంచి గుండ్లన్నీ ఇంటూ గుర్తులవుతాయి. అరుపులకు అది సరిపోయింది. ఓవర్‌రైడ్ ముందు "వన్స్" చేర్చితే ఆ ఒక్క చోటే మారుతుంది. పాత గుండు మళ్లీ కావాలంటే "రివర్ట్". మేం రివర్ట్ మరిచిపోతే పాట మొత్తం అరుపులైపోయింది, అదో నవ్వులాట. జారే గొంతుకు "గ్లిస్సాండో" అంటే రెండు స్వరాల మధ్య గీత వస్తుంది. "కాడెంజా ఆన్" అంటే అడ్డగీతలు ఆగిపోతాయి. ఊపిరి గుర్తు స్థానంలో "లాగు" అని తెలుగులోనే పెట్టుకున్నాం. ఫైలును యూటీఎఫ్-8లో సేవ్ చేసి, తెలుగు ఫాంటు పేరు ఇస్తే చాలు.

గుర్తులు మార్చడం అపచారం అనుకోకండి. 1904లో ఎట్టయపురంలో సుబ్బరామ దీక్షితులు సంగీత సంప్రదాయ ప్రదర్శిని తెలుగు లిపిలో అచ్చువేయించినప్పుడు కంపితం, నొక్కు, జారు వంటి గమకాలకు విడివిడి గుర్తులు వాడారు. ఉన్న అక్షరాలతో సరిపెట్టుకుని ఉంటే ఆ వంపులు కాగితం మీదికి వచ్చేవి కావు. అమెరికాలో 1844 నాటి సేక్రెడ్ హార్ప్ పాటల పుస్తకంలో గుండ్లు త్రికోణం, వృత్తం, చతురస్రం, డైమండ్ ఆకారాల్లో ఉంటాయి. సంగీతం చదువుకోని పల్లె జనం కూడా చూసి పాడగలగాలని అలా వేశారు.

ఒక్క జాగ్రత్త. బందరు జట్టు అరుపుకు ఇంటూ, గుడివాడ జట్టు త్రికోణం పెడితే రేపు ఒకరి కాగితం ఇంకొకరికి అర్థం కాదు. గుర్తులన్నీ ఒకే ఫైలులో పెట్టి, ప్రతి పాటలో "ఇంక్లూడ్" అని దాన్ని పిలుచుకుందాం. ఏ గుర్తుకు ఏ అర్థమో పాట పైన రాద్దాం. పాడినవాళ్లు వద్దన్న పాటను ఆన్‌లైన్‌లో పెట్టొద్దు, కాగితం ఎంత అందంగా వచ్చినా సరే.

1977 నవంబరు 19 ఉప్పెనలో దివిసీమ మనుషులతో పాటు వాళ్ల నోళ్లలోని పాటలూ పోయాయి. రికార్డింగు ఉంటే చాలదా అని కొందరు అడిగారు. రికార్డింగు తప్పకుండా ఉంచాలి. కానీ పదిమంది కూర్చుని నేర్చుకోవాలంటే ఎక్కడ అరవాలో, ఎక్కడ ఆగాలో కళ్లకు కనబడాలి.

మార్చిన కాగితంతో మళ్లీ మామ్మ దగ్గరికి వెళ్లాం. ఈసారి కీబోర్డు లేదు, పిల్లలే చూసి పాడారు. ఆమెకు చదువు రాదు. ఇంటూ గుర్తుల మీద వేలు పెట్టి ఇవేంటని అడిగింది. నీ అరుపులే మామ్మా అన్నాం. "ఇంకోటి తక్కువైంది, ఇక్కడ" అని చివరి వరుసలో వేలుతో చూపించి, అరిచి వినిపించింది.