చూపు తగ్గితే వయసని వదిలెయ్యొద్దు



పాస్‌బుక్కును చేయి చాచి దూరంగా పట్టుకుని చదివేవాళ్లం మన సంఘాల్లో చాలామందిమి ఉన్నాం. అడిగితే వయసు మీద పడింది అంటాం. కానీ కంట్లో ఏ భాగం చెడిందో తెలిస్తేనే వైద్యం ఏమిటో తెలుస్తుంది.

కంటి ముందు అద్దంలాంటి పొర కార్నియా. దాని వెనక కంటిపాపలోంచి వెలుగు లోపలికి పోతుంది. కటకం ఆ వెలుగును వెనకున్న రెటీనా మీద పడేటట్టు చేస్తుంది. అక్కడినుంచి నరం మెదడుకు కబురు మోస్తుంది.

40 ఏళ్లు దాటాక కటకం బిగుసుకుని దగ్గరి అక్షరాలు అలుక్కుపోతాయి. అది చత్వారం, కళ్లజోడు చాలు. కటకమే మసకబారితే శుక్లం. చుక్కల మందుతో పోదు, ఆపరేషన్ చేసి కొత్త కటకం పెడతారు. ముదిరేదాకా ఆగనక్కర్లేదు.

నీటికాసులు అట్లా కాదు. ఎక్కువగా కంట్లో ఒత్తిడి పెరిగి నరం దెబ్బతింటుంది. చాలామందికి నొప్పి ఉండదు, పక్కచూపు మెల్లగా పోతుంది. పోయిన చూపు తిరిగి రాదు, మందులతో ఉన్నది నిలబెట్టుకోవచ్చు. షుగరు కూడా రెటీనాలోని సన్న రక్తనాళాలను చప్పుడు లేకుండా పాడుచేస్తుంది. షుగరున్నవాళ్లం చూపు బాగున్నా ఏటా రెటీనా పరీక్ష చేయించుకోవాలి.

వడ్ల పొట్టు కంట్లో పడితే నలపొద్దు, శుభ్రమైన నీళ్లతో కడగాలి. ఆకు పసరు పొయ్యొద్దు. నొప్పి, ఎరుపు తగ్గకపోతే అదే రోజు డాక్టరుకు చూపించాలి.

2018లో మొదలైన కంటి వెలుగు శిబిరాల్లో ఇచ్చిన అద్దాలే ఇంకా వాడుతుంటే, మళ్లీ పరీక్ష చేయించుకుందాం. మన పొదుపు లెక్క మన కళ్లతో మనమే చదువుకుందాం.