ఇంట్లో బీరువాపాలు, బయట బారులు
(పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



డిసెంబరు 17 అనగానే మనకు 1982 నాటి నకారా కేసు తీర్పు గుర్తుకొస్తుంది. దాని గురించి నాకన్నా బాగా చెప్పగలవారు వేదిక మీద ఉన్నారు. కార్యదర్శిగారు నాకు అప్పగించిన విషయం వేరు. "పిల్లలు విదేశాల నుంచి పంపుతున్నారే, ఆ కళ్ళకు పెట్టుకునే పెట్టెలు! వాటిని మన సభ్యులకు వాయిదాల మీద ఇప్పించాలని ప్రతిపాదన వచ్చింది. మీరు ఒకటి వాడారు గదా, నాలుగు మాటలు చెప్పండి" అన్నారు. ప్రతిపాదన వస్తే నోటు పెట్టడమే ముప్పై నాలుగేళ్ళు గుమాస్తాగా నేను చేసిన పని. కనుక దీన్ని ప్రసంగమనుకోకండి, ఒక నోటు అనుకోండి.

దీనిని వర్చువల్ రియాలిటీ అంటారు, పొట్టిగా వి.ఆర్. మన రెండు కళ్ళు ఒకే వస్తువును కాస్త వేర్వేరు కోణాల్లో చూస్తాయి. ఈ పెట్టెలో ఒక్కో కంటికి ఒక్కో బొమ్మ చూపిస్తారు. మెదడు రెండింటినీ కలుపుకుని లోతు గ్రహిస్తుంది. తల ఎటు తిప్పితే దృశ్యం అటు మారుతుంది. అందుచేత మనం అక్కడే ఉన్నామనిపిస్తుంది. కొత్తదేమీ కాదు. 1968లోనే అమెరికాలో ఐవన్ సదర్లాండ్ అనే శాస్త్రజ్ఞుడు ఇటువంటిది చేసి చూపారు. దాన్ని పైకప్పు నుంచి వేలాడే కడ్డీకి అమర్చవలసి వచ్చింది.

అప్పటినుంచి దీనిని ఇళ్ళలోకి తేవాలని పెద్ద పెద్ద కంపెనీలు ప్రయత్నిస్తూనే ఉన్నాయి. జపాను కంపెనీ నింటెండో 1995లో వర్చువల్ బాయ్ అనే ఆటపెట్టె తెచ్చింది. అందులో బొమ్మలన్నీ ఎరుపు రంగే. ఏడాది తిరగకుండానే ఉపసంహరించుకుంది. గూగుల్ 2014లో అట్టపెట్టెలో సెల్‌ఫోను పెట్టి చూసే చవక రకం తెచ్చింది, 2021లో అమ్మకం ఆపేసింది. సోనీ ప్రకటించిన లెక్క చూడండి. 2019 డిసెంబరు ఆఖరుకు వారి ప్లేస్టేషన్ 4 ఆటపెట్టెలు 10 కోట్ల 60 లక్షలు అమ్ముడయ్యాయి. దానికి తగిలించే వి.ఆర్. పెట్టెలు 50 లక్షలు. అంటే వంద ఇళ్ళలో ఆటపెట్టె ఉంటే, వి.ఆర్. కొన్నది అయిదిళ్ళవారు కూడా పూర్తిగా కారు. 2024లో ఆపిల్ కంపెనీ తెచ్చినది 3,499 డాలర్లు, బరువు 600 గ్రాములు పైమాటే. ఆ ధర ఎవరికి? ఆ బరువు మన మెడలకా?

ఇక బయటి సంగతి. సెగా అనే మరో జపాను కంపెనీ ఇంటికోసం వి.ఆర్. పెట్టెను 1993లో ప్రదర్శించి, మరుసటి సంవత్సరం ఆ ఆలోచన మానుకుంది. అదే 1994లో యొకొహామా నగరంలోని తన వినోదశాలలో మాత్రం వి.ఆర్. పెట్టి జనాన్ని కూర్చోబెట్టింది. ఒకే కంపెనీ, ఒకే విద్య. ఇంటికి పనికిరానిది వినోదశాలకు పనికొచ్చింది. 2015లో ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్‌లో జీరో లేటెన్సీ వారు గోదాములాంటి ఖాళీ స్థలంలో నలుగురైదుగురు కలిసి నడుస్తూ ఆడే ఏర్పాటు చేశారు. 2022లో పారిస్‌లో ఈజిప్టు మహా పిరమిడ్ లోపల నడుస్తున్నట్టు చూపే ప్రదర్శన పెట్టారు. ముప్పావు గంట సేపు కుటుంబమంతా కలిసి తిరగవచ్చు. మన మాల్స్‌లో కూడా కదిలే కుర్చీల ముందు పిల్లలు బారులు తీరడం మీరు చూసే ఉంటారు.

అయితే నోటులో రెండో వైపు కూడా రాయాలి. బయట పెట్టినవన్నీ బతకలేదు. ఐమాక్స్ వారు 2017లో తెరిచిన వి.ఆర్. కేంద్రాలను 2019 నాటికి మూసేశారు. ది వాయిడ్ అనే సంస్థ 2020లో కరోనా దెబ్బకు తలుపులు మూసింది. అద్దె, జీతాలు ఉంటాయి. ఒకసారి చూసిన ఆటే మళ్ళీ చూడటానికి ఎవరూ రారు. అయినా ఒకచోట మూసినా మరొకచోట తెరుస్తూనే ఉన్నారు.

ఎందుకీ తేడా? నాకు తోచినవి నాలుగు కారణాలు. మొదటిది చోటు. నిలబడి ఆడాలంటే రమారమి ఆరున్నర అడుగుల చదరం ఖాళీగా ఉండాలి. మన ముందుగదిలో దివాను, టీపాయి తీస్తే తప్ప అంత చోటు దొరకదు. రెండోది మనిషి. బయట ఒక కుర్రాడు పెట్టె తొడిగి, తుడిచి, తూలితే పట్టుకుంటాడు. మూడోది డబ్బు. అక్కడ టిక్కెట్టుతో సరి, ఇక్కడ సరుకంతా కొనాలి. నాలుగోది తోడు. అన్నిటికన్నా ఇదే ముఖ్యమని నా అభిప్రాయం.

మా అబ్బాయి నిరుడు ఒకటి పంపించాడు. అలవాటు కొద్దీ నేను ఒక రిజిస్టరు తెరిచాను. మొదటి నెల పదకొండుసార్లు వాడాను. రెండో నెల మూడుసార్లు. మూడో నెల నిల్. వస్తువులో లోపం లేదు. కాశీ ఘాట్లు, హిమాలయాలు, అన్నీ చూశాను, ఆనందించాను. కాని ఒకరోజు తీసి పక్కన పెట్టేసరికి మా ఆవిడ చల్లారిన కాఫీ గ్లాసుతో కూర్చుని ఉంది. "రెండుసార్లు పిలిచాను. మీరు కాశీలో ఉన్నారు. నేనిక్కడ ఎవరితో మాట్లాడను?" అంది. ఇల్లంతా కలిపి ఉన్నది ఇద్దరం. అందులో ఒకరు కళ్ళకూ చెవులకూ తలుపులు వేసుకుంటే రెండోవారికి ఆ ఇల్లు ఏమవుతుందో ఇక్కడున్న సోదరీమణులకు వేరే చెప్పనక్కరలేదు.

అదే పెట్టెను మా మనవలు మాల్‌లో పెట్టుకుంటే ఏం జరిగింది? వాడు గాలిలో చేతులు ఊపుతున్నాడు, చుట్టూ ఉన్నవాళ్ళం పడి పడి నవ్వుతున్నాం. దిగాక వాడు చెప్పిందే చెప్పాడు, మేం విన్నదే విన్నాం. అక్కడ చూసేవారికీ వినోదమే, చూడనివారికీ వినోదమే.

ఒక మిత్రుడు ఆక్షేపించారు. "టీవీ కూడా మొదట ఊరందరిదీ కాదూ? తరవాత ఇంటింటికీ రాలేదా?" నిజమే. 1975-76లో ఉపగ్రహం ద్వారా ఆరు రాష్ట్రాల్లో 2,400 గ్రామాలకు టీవీ చూపినప్పుడు మన రాష్ట్రమూ అందులో ఉంది. ఊరంతా ఒక పెట్టె ముందు కూర్చుంది. కాని టీవీ ఇంటికి వచ్చాక కూడా పదిమందికి పనికొచ్చింది. కూర తరుగుతూ చూడవచ్చు, మధ్యలో లేచి తలుపు తీయవచ్చు, పక్కింటివారిని పిలవవచ్చు. ఇది అలా కాదు, మనిషిని పూర్తిగా అడుగుతుంది. పెట్టెలు తేలికపడి, చవకై, ఎదుటి మనిషి కనబడేలా మారితే ఇళ్ళకు వస్తాయేమో. అప్పుడు కొత్త నోటు పెడదాం.

కనుక నా సిఫారసులు: ఒకటి, సభ్యులకు వాయిదాల మీద ఇప్పించే ప్రతిపాదన ప్రస్తుతం నిలుపు చేయవచ్చు. రెండు, సంక్షేమ నిధి నుంచి ఒక్క పెట్టె కొని సంఘం గదిలో ఉంచవచ్చు. నెలకు ఒక ఆదివారం, చేతుల కుర్చీలో కూర్చోబెట్టి, పక్కన ఒకరు నిలబడి, మనిషికి పది నిమిషాలు చూపాలి. మోకాళ్ళ నొప్పులతో యాత్రలు మానుకున్నవారికి మొదటి అవకాశం ఇవ్వాలి. చూసినవారు చూసింది మిగతావారికి చెప్పాలి. మూడు, చూపు కదులుతుంటే ఒళ్ళు కదలక కొందరికి కళ్ళు తిరుగుతాయి, వికారం పుడుతుంది. గుండె జబ్బు, పేస్‌మేకరు, మూర్ఛ ఉన్నవారు డాక్టరును అడగందే పెట్టుకోరాదు.

మా ఇంటి పెట్టెను సంఘానికి ఇవ్వడానికి నాకు అభ్యంతరం లేదు. మా ఆవిడ ఇప్పటికే ఆమోదించింది. కార్యవర్గం వారి ఆజ్ఞల కొరకు సమర్పించడమైనది.