చెప్పి వెళ్ళండి



తల్లిదండ్రులిరువురూ ఉద్యోగాలకు వెళ్ళే కుటుంబాలు మన సంఘాలలో అనేకములు. బిడ్డను శిశువిహారులో దింపి రావడం ఎంత కష్టమో మేమును ఎరుగుదుము. మా చిన్నవాడికి రెండేళ్ళు. మొదటి రోజున వాడు బొమ్మలు చూస్తుండగా, ఏడుపు చూడలేక, చెప్పకుండా జారుకున్నాము. తరువాత నెల దినములు వాడు ఇంట్లో కూడా అమ్మ కొంగు వదలలేదు. పెరట్లోకి వెళ్ళినా వెంటబడేవాడు. తప్పు మాదే.

ఇంగ్లండులో జేమ్స్ రాబర్ట్‌సన్ 1952లో ఒక చలనచిత్రం చూపించారు. తల్లిని విడిచి ఎనిమిది రోజులు ఆసుపత్రిలో ఉన్న రెండేళ్ళ పాప కథ అది. ఆ పాప ఎక్కువగా ఏడ్వలేదు, కాని లోలోపల నలిగిపోయింది. బిడ్డ ఊరకున్నంత మాత్రాన కుదురుకున్నట్లు కాదు.

కనుక మొదటి రెండు మూడు దినాలు మీరును బిడ్డతో అక్కడే కూర్చోండి. పిమ్మట అరగంట విడిచి చూడండి, మెల్లగా పెంచండి. అమ్మ పాత చీరముక్క ఒకటి చేతికివ్వండి. "నువ్వు అన్నం తిని, నిద్ర లేచేసరికి వస్తాను" అని చెప్పి వెళ్ళండి. వాడికి గడియారం తెలియదు గాని అన్నం, నిద్ర తెలుసు. ఏడ్చినా ఆయమ్మ ఎత్తుకుంటుంది. మీరు మాత్రం చెప్పిన వేళకు తప్పక రండి.

మేమును అట్లే మళ్ళీ మొదలుపెట్టాము. మూడవ వారంలో వాడు ఏడుస్తూనే మాకు చేయి ఊపాడు. మేము వస్తామని వాడికి తెలిసింది.