రుసుము చెల్లించితిమి, చూచువారెవరు?



పట్టణపు పురపాలన విషయము పల్లెవారికేల యని మీలో కొందరనుకొనవచ్చును. ఈ ప్రసంగము సంగతి మా యూరి రచ్చబండకడ చెప్పినప్పుడు నా వృద్ధ మిత్రుడొకడును అట్లే యడిగెను. నేనాయనను తిరిగి యడిగినది ఒక్కటే: "మీ మనుమడెక్కడ నున్నాడు?" "అమీరుపేటలో, కంప్యూటరు చదువునకై" అని ఆయన బదులు చెప్పెను. తెలంగాణమునగాని ఆంధ్రమునగాని నేడిట్టి యుత్తరము వినబడని యూరు అరుదు. అమీరుపేట, పంజగుట్ట, బేగంపేట ఒకదానితో నొకటి కలసిపోయిన పేటలు. మైత్రీవనము చుట్టును శిక్షణాలయములు. వాని వెనుక సందులలో వసతిగృహములు. అందు మన పిల్లలు పరుండు గదిని, ఎక్కు మెట్లను, తిను అన్నమును చూడవలసిన భారము నగరమును పాలించువారిది. కావున వారు తమ శాఖలలో నెందరిని నియమించుచున్నారు, తనిఖీ పేరిట నేమి పుచ్చుకొనుచున్నారు అనునది మన యింటి విషయమే.

క్రిందటి వేసవిలో నా మనుమని చూడ నేనట్టి వసతిగృహమునకు పోయితిని. అయిదంతస్తుల యిల్లు. పైకి పోవుటకు ఒకే మెట్లదారి. ఇద్దరెదురైన నొకరు గోడ కంటుకొని నిలువవలసినంత యిరుకు. ఆ మెట్ల మొదటనే వంటయిల్లు; వంటయింటి వాకిట వరుసగా నారు గ్యాసు సిలిండర్లు. ప్రక్కగోడమీద అద్దపు చట్రములో వ్యాపారపు లైసెన్సును, రుసుము చెల్లించిన రసీదును వ్రేలాడుచుండెను. యజమాని మర్యాదస్థుడు. "అయ్యా, దీనిని చూచుటకు అధికారి యెప్పుడు వచ్చెను?" అని అడిగితిని. ఆయన కొంత యోచించి, "ఏటేట రుసుము కట్టుచునే యున్నాము పంతులుగారూ, వచ్చి చూచినవారు మాత్రము నాకు జ్ఞాపకము లేరు" అనెను. అది యే కార్యాలయమువారి పనియో నేనిచ్చట చెప్పను. ఆ రాత్రి నాకు నిద్రపట్టలేదు. అబద్ధము కానిదైనను ఆ రసీదు నిజమును చెప్పుటలేదని తోచినది.

పన్ను వేరు, రుసుము వేరు. రాజ్యము సర్వజనుల పోషణకై పుచ్చుకొనునది పన్ను; ఇంత యిచ్చితిని గాన నాకింత చేయుడని దానికి లెక్క కట్టి యడుగజాలము. రుసుము అట్టిది కాదు. అది యొకానొక పని నిమిత్తమై పుచ్చుకొనబడునది. మన పల్లెల పూర్వాచారమున దీనికి చక్కని పోలిక కలదు. చెరువు తూము కనిపెట్టి, నీటిని మడిమడికి పంచు నీరటివానికి కళ్లమున మేర కొలుచుట వృద్ధులైన మీరెరుగుదురు. వాడు రాత్రులందు గట్టుమీద తిరిగినాడా లేదా యన్నది ఊరందరికిని తెలియును. గట్టుమీదికి రాని నీరటివానికి మేర కొలుచు రైతు లేడు. మేర కొలిచిన చేయియు, గట్టును చూచిన కన్నును ఒక్కయూరివే గనుక మోసము దాగెడిది కాదు.

న్యాయస్థానములును ఈ భేదమును పాటించినవి. 1954లో శిరూరు మఠపు వ్యాజ్యమున మన సుప్రీంకోర్టు రుసుమునకు ప్రతిఫలముండవలెనని తీర్పు చెప్పెను. 1983లో ఆంధ్రప్రదేశపు మార్కెటు రుసుముల వ్యాజ్యమున ఆ ప్రతిఫలము కాసుకు కాసు సరిపోవలసిన పనిలేదు, మొత్తముమీద సంబంధమున్న చాలునని సడలించెను. పిదప 1999లో సికిందరాబాదు హైదరాబాదు హోటలు యజమానుల సంఘమునకును నగరపాలక సంస్థకును నడచిన వ్యాజ్యమున, లైసెన్సు రుసుము వ్యాపారమును అదుపులో నుంచుటకై వేసినదైనచో ప్రత్యేకసేవ చూపనక్కరలేదు గాని, అది మితిమీరినది మాత్రము కారాదని చెప్పెను. న్యాయము నాకు తెలిసినంతలో నిది సబబే. కాని అదుపులో నుంచుటకని రుసుము పుచ్చుకొన్నచో అదుపులో నుంచువాడొకడు ఉండవలెను గదా! చూచువాడు లేని అదుపు మాటలోనిదే.

ఇక నగరమున నిది యెట్లు జరుగుచున్నదో చూతము. హైదరాబాదు పురపాలనము 1869లో మొదటి సాలారుజంగు మంత్రిత్వమున ఆరంభమైనది. 1933లో చాదరుఘాటు పురపాలకము దానితో కలిసెను. 1960లో సికిందరాబాదు కలిసెను. 2007 ఏప్రిలు 16వ తేదీని చుట్టుపట్ల నున్న 12 పురపాలకములును 8 గ్రామపంచాయతులును చేరి మహానగరపాలక సంస్థ యేర్పడెను. అంతకుముందు సుమారు 170 చదరపు కిలోమీటర్ల నగరము ఒక్క దినమున 600 చదరపు కిలోమీటర్లకు మించినది. నేల మూడింతలకు పైగా పెరిగినది. చూచు కన్నులా కొలతను పెరిగినవా యన్నదే ప్రశ్న.

ఉద్యోగులను నియమించు విధానమును తెలిసికొన్నచో దీని మర్మము బోధపడును. ఈ నగరమునకు మూలమైన చట్టము 1955 నాటిది. దాని ప్రకారము కమీషనరును ప్రభుత్వము నియమించును. క్రొత్త ఉద్యోగములు కావలెనన్న రాష్ట్రప్రభుత్వపు మంజూరు కావలెను. రుసుములు, పన్నులు, అపరాధ ధనము, అన్నియు మునిసిపలు నిధి యను నొక్క కుండలో పడును. ఆ కుండలోనుండియే రోడ్డునకు, దీపమునకు, జీతమునకు తీయుదురు. తనిఖీ పేరిట వచ్చిన రూపాయి తనిఖీదారుని జీతమునకే పోవలెనను కట్టుబాటు లేదు. శాశ్వతోద్యోగిని నియమించినచో ముప్పదియేండ్ల జీతభత్యములు మీదపడును గనుక ఖాళీలను ఖాళీలుగనే యుంచుటయు, కొంతపనిని గుత్తదారుల మనుష్యులచే జరిపించుటయు పాలకులకు సులభము. ఊడ్చుపని అట్లు సాగవచ్చును. చట్టప్రకారము తాఖీదిచ్చి, తాళము వేయించు అధికారము గుత్తమనిషికి ఉండదు.

మరియొక చిక్కు కలదు. ఒక్క వసతిగృహమును నాలుగు చేతులు పట్టుకొనియున్నవి. కట్టడపు కొలతలు పట్టణ ప్రణాళికాశాఖవి. వ్యాపారపు లైసెన్సు ఆరోగ్యశాఖది. అన్నపు శుభ్రత ఆహారభద్రతాధికారులది. నిప్పు విషయము రాష్ట్రపు అగ్నిమాపకశాఖది. ఎవరి రుసుము వారిది, ఎవరి కాగితము వారిది. ఇల్లంతయు నొక్కసారి నడచి చూచువా డెవడును లేడు. మెట్లమొదట సిలిండర్లుండుట యే శాఖ తప్పో నా మనుమడు నన్నడిగెను. నేను జవాబు చెప్పలేకపోతిని. కౌటిల్యుడు తన అర్థశాస్త్రమున నగరమును నాలుగు భాగములు చేసి యొక్కొక్క భాగమునకు స్థానికుని, పది యిరువది నలువది యిండ్లకొక గోపుని నియమించుమనెను. ఆ యిండ్లలో జరుగునది తెలిసికొనుట ఆ గోపుని బాధ్యత. ఇండ్లను లెక్కించి మనిషిని నియమించుట యను నా సూత్రము నేటికిని గొప్పది.

కొలదికాలము క్రిందట మరియొక మార్పు వచ్చినది. 2020 నాటి చట్టముచే భవనానుమతుల పద్ధతి మారి, ఆ యేడు నవంబరునుండి అమలులోనికి వచ్చెను. 75 చదరపు గజములలోపు చిన్నయింటికి అనుమతియే అక్కరలేదు. ఒక్క రూపాయితో నమోదు చేసికొన్న చాలును. 500 చదరపు మీటర్లలోపు స్థలమున తక్కువ యెత్తు నివాసగృహమైనచో యజమాని తానే ధ్రువపరచిన వెంటనే అనుమతి దొరకును. అంతకు పెద్దవానికి 21 దినముల గడువు. ఇది బీదవానికి మేలు చేసిన మార్పని నేనొప్పుకొందును. కార్యాలయము గడపలో నెలల తరబడి నిలువబడు బాధ తగ్గినది. అయితే ముందు చూచుట మానినచో పిమ్మట చూచుట తప్పనిసరి. మాట తప్పినవాని కట్టడమును నోటీసు లేకయే కూల్చవచ్చునని చట్టమున నున్నది. కూల్చవలెనన్న ముందు తెలియవలెను. తెలియవలెనన్న నొకడు పోయి చూడవలెను. స్వయంధ్రువీకరణమువలన అధికారుల పని తగ్గలేదు. అది కార్యాలయమునుండి వీథికి మారినది.

ఆ సంవత్సరముననే మీలో ననేకులు అనుమతిలేని లేఅవుట్ల క్రమబద్ధీకరణకై స్థలమునకు 1000 రూపాయల చొప్పున చెల్లించియుందురు. రాష్ట్రమంతట 25 లక్షలకు పైగా దరఖాస్తులు వచ్చినవి. గ్రామపంచాయతులనుండియే 10 లక్షలకు మించినవి. కోర్టు వ్యాజ్యములు కొంత అడ్డుపడినమాట నిజమే. కాని రుసుము ఒక్క క్షణమున చేరినది. ఆ స్థలములలో నధికభాగమునకు నాలుగేండ్లు గడచినను పరిష్కారము దొరకలేదు. లైసెన్సు రుసుము ఆలస్యమైనచో అపరాధ ధనము కలదు. తనిఖీ ఆలస్యమైనచో ఆ యపరాధ మెవరు చెల్లింతురు?

అది యొకప్పుడు ప్రాణములతో చెల్లవలసివచ్చును. 2022 సెప్టెంబరు 12వ తేదీ రాత్రి సికిందరాబాదున విద్యుత్ వాహనముల దుకాణమున నిప్పంటుకొని, పొగ పై యంతస్తులనున్న వసతిగదులకు ప్రాకి 8 మంది మరణించిరి. 2023 జనవరి 19న మినిస్టరు రోడ్డునందలి భవనమున నిప్పుపడి ముగ్గురు పనివారు పోయిరి. ఆ మార్చి 16న సికిందరాబాదున మరియొక వ్యాపారభవనమున 6గురు మరణించిరి. వారందరును ఇరువది యేండ్లు దాటీదాటని ఉద్యోగపు పిల్లలు. సుమారు ఆరునెలలలో మూడు! ప్రతి ప్రమాదము తరువాతను తనిఖీలు జరుపుదుమని ప్రకటన వెలువడును. చితి చల్లారిన పిదప చెరువు త్రవ్వించుట వంటిది అది.

అట్లయిన తనిఖీదారునికి రుసుములోనుండియే వాటా యిచ్చినచో చురుకుగా తిరుగడా యని యొకరడుగవచ్చును. ఆ దారియు లోకము నడచి చూచినదే. లండను నగరమున 1774 నాటి చట్టముచే కట్టడములను చూచు సర్వేయర్లు నియమింపబడిరి. వారు గృహనిర్మాతలిచ్చు రుసుములచేతనే జీవించిరి. ఎవని ధనముచే జీవించుచున్నాడో వానినే తప్పుపట్టవలసిన ఉద్యోగి యెంత నిష్పక్షపాతియై యుండగలడో మీరే యూహింపుడు. రుసుము మనిషి చేతికి పోరాదు, శాఖకు పోవలెను. జీతము స్థిరముగా నుండవలెను. ఉద్యోగుల సంఖ్య చూడవలసిన యిండ్ల సంఖ్యనుబట్టి యుండవలెను. ఏటేట ఇంత రుసుము వచ్చినది, ఇందరు పనిచేసిరి, ఇన్ని యిండ్లు చూచితిమి, ఇన్నింట తప్పులు దిద్దించితిమి అను నాలుగు సంఖ్యలను ప్రతి వార్డున గోడకు వ్రేలగట్టవలెను. నేను కోరునది యింతకు మించినది కాదు.

చూచుట యనునది యెంత గొప్ప పనియో బేగంపేటయే సాక్ష్యము. 1897 ఆగస్టు 20న రొనాల్డు రాసు ఇచ్చటనే దోమల కడుపులను ఒక్కొక్కటిగా పరీక్షించుచు మలేరియా క్రిమిని కనుగొనెను. ఊహించి యూరకుండక, ఒకడు కూర్చుండి ఓపికతో చూచుటవలననే అది సాధ్యమైనది. ఆయన పరిశోధించిన యిల్లు నేటికిని నిలిచియున్నది.

ఇప్పుడు మనము చేయదగినది చెప్పి ముగింతును. బిడ్డను పట్టణమున నుంచబోవునప్పుడు నెలకెంత యని మాత్రమే అడుగకుడు. మెట్లదారులు రెండున్నవా? వంటయిల్లెక్కడ? లైసెన్సు ఈ యేటిదేనా? ఈ మూడును అడిగి, కండ్లార చూడుడు. రెండవది, 2005 నాటి సమాచారహక్కు చట్టము మన చేతిలో నున్నది. గ్రామస్థాయి కార్యాలయమున దరఖాస్తుకు రుసుము లేదు. మండలస్థాయిని 5 రూపాయలు. అంతకు పైన 10 రూపాయలు. ముప్పది దినములలో జవాబీయవలెను. మంజూరైన ఉద్యోగములెన్ని, నిండినవెన్ని, వసూలైన రుసుమెంత, చూచిన యిండ్లెన్ని యని తెల్లకాగితముమీద తెలుగున వ్రాసి యడుగవచ్చును. మూడవది, మీ పంచాయతీ కట్టడములకు రుసుము పుచ్చుకొనుచున్నదా? అచ్చటను ఇదే ప్రశ్న వేయుడు. ఇంటి ముందరి నీరటివానిని అడుగనేరనివారము నగరపు నీరటివానిని అడుగలేము.

నా మనుమడు అచ్చటనే యున్నాడు; వాని పరీక్షలు ముగియలేదు. యజమాని నా మాట మన్నించి సిలిండర్లను పెరటిలోనికి మార్పించెను. మెట్లదారి మాత్రము ఒక్కటే. నేను 10 రూపాయలు కట్టి దరఖాస్తు పెట్టితిని. గోడమీది రసీదు ప్రక్కన, చూచి వెళ్ళిన అధికారి సంతకముగల కాగితమొకటి వ్రేలాడు దినమునకై ఎదురుచూచుచున్నాను.