సెలెక్షన్లకు వెళ్లే ముందు

స్కూల్ గేమ్స్ అండర్-14, అండర్-17 ఫుట్‌బాల్ సెలెక్షన్లకు ముదినేపల్లి నుంచి బయల్దేరే పిల్లలకు నాలుగు మాటలు.

పుట్టినతేదీ పత్రం, ఆధార్, స్టడీ సర్టిఫికెట్ ముందురోజే సంచిలో పెట్టుకోండి. వయసు కాగితం లేకపోతే ఎంత ఆటగాడైనా గీత బయటే. కొత్త బూట్లు సెలెక్షన్ల రోజే తొడిగితే కరుస్తాయి, జాగ్రత్త.

మైదానంలో అందర్నీ దాటేసి మీరే గోల్ కొట్టేయాలని చూడకండి. బంతి మీ దగ్గర లేనప్పుడు ఏం చేస్తున్నారో కూడా సెలెక్టర్లు గమనిస్తారు. పాస్ ఇచ్చి నిలబడిపోయారా, ఖాళీ చూసి పరిగెత్తారా? బంతి పోగానే వెనక్కి వచ్చారా?

ఇక రెండో కాలు సంగతి. హైదరాబాద్ కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం బలహీనమైన కాలితోనే ఆడాలంటూ పోటీలు పెట్టేవారు. ఆయన శిక్షణలోనే భారత జట్టు 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచింది, 1962 జకార్తా ఆసియా క్రీడల్లో స్వర్ణం గెలిచింది. ఆ రెండు జట్లలోనూ సికింద్రాబాద్ అమ్ముగూడ ఆటగాడు తులసీదాస్ బలరామ్ ఉన్నారు.

కుడికాలి వాటం పిల్లలు రోజూ కాసేపు ఎడమకాలితో గోడకేసి బంతి కొట్టండి. తిరిగొచ్చిన బంతిని అదే కాలితో ఆపండి. ఇంట్లో సున్నం రాలుతోందని అమ్మ కేకలేస్తే, బడి ప్రహరీ ఎలాగూ ఉంది.